అడగని నారు

డాక్టర్ హిమబిందు అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అనాలి కూడా. కానీ ఆ పిల్ల మొదటిసారి మా గుమ్మంలో నిలబడి "ముందు గది అద్దెకిస్తారటగా అండీ" అని అడిగిన రోజున నేను తలుపు సగమే తీశాను. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బకెట్టు, బకెట్టు నిండా ఖాళీ ప్లాస్టిక్ సీసాలు. ఏ పురుగుమందుల కంపెనీ ప్రచారానికో వచ్చిందనుకున్నాను. ఆ కంపెనీలవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

"మందులమ్మడానికి రాలేదండీ. మీ పొలాల్లో ఉప్పు కొలవడానికి వచ్చాను" అంది నా మొహం చూసి.

"కొలిచి ఏం చేస్తావు? మా పొలాల్లో ఉప్పుందని ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ తెలుసు."

"అంత ఉప్పులోనూ కొన్ని చేలు ఎలా బతుకుతున్నాయో తెలీదు కదండీ. అది తెలుసుకుందామని."

నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. జవాబులు బట్టీపట్టేవాళ్లని చాలామందిని చూశాను. ప్రశ్న సరిగ్గా వేసేవాళ్లంటే నాకు మొదట్నించీ పక్షపాతం. తలుపు పూర్తిగా తీశాను.

మాది కోడూరు దాటి పాలకాయతిప్ప వైపు వెళ్లే దారిలో ఉన్న ఊరు. ఎగువ పొలాలకి కాలవ నీళ్లు ముందు అందుతాయి. శివారు పొలాల దాకా వచ్చేసరికి కాలవలో నీళ్లకంటే నాచే ఎక్కువ. దానికి తోడు పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీరు మురుగు కాలవల్లో వెనక్కి ఎగదన్ని శివారు మట్టిని ఉప్పు చేసిపోతుంది. ఒకే ఊరు, ఒకే కాలవ. పైవాడికి ధాన్యం, కిందివాడికి చౌడు. మాది కింది పొలమే.

హిమబిందుది పెడన. తండ్రి పాండురంగయ్య మగ్గం నేస్తారు, తల్లి వీరలక్ష్మి కండెలు చుడుతుంది. ఆ పిల్ల గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతూ బందరు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ ఉద్యోగం కూడా ఏడాదికేడాది గండం. డాక్టరేటు వస్తే పర్మనెంటు చేస్తామని, రాకపోతే వచ్చినవాళ్లని చూసుకుంటామని కాలేజీవాళ్లు మొహం మీదే చెప్పారట. అందుకని శనివారం మధ్యాహ్నం పాఠం అయిపోగానే బస్సెక్కి మా ఊరొచ్చేది. ఆదివారమంతా చేలో ఉండేది.

మా ఊళ్లో కొత్త మనిషి కనిపిస్తే మంచినీళ్లకంటే ముందు ఇచ్చేది ఒక ప్రశ్న. "మీవాళ్లెవరమ్మా?" అని. ఆ పిల్ల తడుముకోకుండా "నేతవాళ్లమండీ" అనేది. "పొలం ఎంతుంది?" అంటే "సెంటు కూడా లేదండీ" అనేది. అది విన్నవాళ్ల కళ్లలో మర్యాద రెండు మెట్లు దిగడం నేను చూశాను. మా ఆయన శోభనాద్రిగారు కూడా మొదటిరోజు భోజనం దగ్గర అననే అన్నారు.

"మగ్గం గుంటలో పెరిగిన పిల్ల. వరిచేను దానికేం తెలుస్తుంది?"

"గట్టు మీద గొడుగేసుకుని నిలబడే మీకెంత తెలుసో దానికీ అంతే తెలుస్తుంది. పులుసు పొయ్యనా?" అన్నాను.

కానీ ఆ పిల్ల పని మొదలుపెట్టాక నవ్వినవాళ్లు నోళ్లు మూసుకున్నారు. తండ్రి మగ్గం మీద మిగిలిన రంగు నూలుపోగులు సంచిలో వేసుకొచ్చి, తాను గమనించే ప్రతి దుబ్బుకీ ఒక పోగు కట్టేది. రంగుని బట్టి ఎప్పుడు నాటారో, ఎక్కడ నాటారో చెప్పేలా దానికో పద్ధతి. తెగిన పోగుల్ని అతికేటప్పుడు నేతగాళ్లు వేసే ముడి అది. వానకీ ఊడలేదు, గాలికీ ఊడలేదు. మోకాలి లోతు బురదలో వంగి, ఒంటిచేత్తో ఆ ముడి వేస్తుంటే ఊడ్పులకొచ్చిన ఆడవాళ్లు నాట్లు ఆపి చూసేవాళ్లు.

మొదటి రెండేళ్ల సార్వా పంటల్లోనూ ఒక వింత జరిగింది. శివారులో మా చేనూ, అంకమ్మ కౌలుకి చేసే చేనూ పక్కపక్కనే ఉంటాయి. మధ్య ఒక్క గట్టు. అంకమ్మకి సొంత భూమి లేదు, మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం ఈదుకొస్తున్న మనిషి. రెండు చేలలోనూ ఒకే రకం విత్తనం, ఒకే నీరు, కొలిస్తే ఉప్పు కూడా ఒకటే. మా చేను కొసలు మాడి, తెల్లబడి, తుక్కైపోయింది. అంకమ్మ చేను పచ్చగా ఈనింది. రెండేళ్లూ ఇంతే. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూసి వెళ్లేవాళ్లు. మా ఆయన ఆ దారిన వెళ్లడం మానేశారు.

హిమబిందు చాలా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చింది. అంకమ్మ ఏటేటా తన పంటలోంచే విత్తనం దాచుకుంటుంది కాబట్టి, ఆ విత్తనానికి ఉప్పుని తట్టుకునే గుణం అబ్బి ఉంటుందని. ఆమె గైడు మోహనకృష్ణగారు ఎగిరి గంతేశారు. ఏదో సదస్సులో ఆ పిల్ల పేపరు చదివితే చప్పట్లు కొట్టారట. స్వీటు పట్టుకొచ్చి నాకూ పెట్టింది.

తర్వాత అంకమ్మ దగ్గర గింజలు అడిగి పట్టుకెళ్లి గుడివాడ కాలేజీ డాబా మీద కుండీల్లో పోసింది, ఉప్పునీళ్లు కలిపి. మొలిచినవి మొలిచినట్టే చచ్చాయి. మళ్లీ పోసింది. మళ్లీ చచ్చాయి.

ఆ శనివారం వచ్చి బకెట్టు కింద పెట్టకుండానే మా మెట్ల మీద కూలబడింది.

"నేను చెప్పిందంతా తప్పు అత్తయ్యా. ఆ విత్తనంలో ఏమీ లేదు. మరి చేను ఎలా బతికింది?"

అప్పటికి నన్ను అత్తయ్యా అనడం, ఆయన్ని మావయ్యా అనడం అలవాటైంది. నేనేమీ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో చెబుతాను.

మా ఊళ్లో ఒక పట్టింపు ఉంది. ఉప్పెక్కి ఎవరి నారుమడైనా చచ్చిపోతే, ఎగువ రైతులు ఊడ్పులు ముగించాక వాళ్ల మళ్లలో మిగిలిన నారు వెళ్లి అడిగి తెచ్చుకోవచ్చు. అడిగినవాళ్లకి లేదనకూడదు, డబ్బు పుచ్చుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ తర్వాత ఇచ్చినవాడు గానీ, పుచ్చుకున్నవాడు గానీ, చూసినవాడు గానీ ఆ మాట ఎత్తకూడదు. ఒకసారి నాటాక ఆ నారు నాటుకున్నవాళ్లదే. ఎవరైనా "నారు ఎవరిది?" అంటే "మాదే" అని చెప్పాలి. అది అబద్ధం కాదు, మర్యాద. పుచ్చుకున్నవాడు ఏడాది పొడుగునా తలవంచుకు తిరగకుండా పెద్దవాళ్లు పెట్టిన కట్టుబాటు. హిమబిందు అంకమ్మని మొదట్లోనే అడిగింది, ఆమె "మా నారేనమ్మా" అంది, ఈ పిల్ల సొంత నారు అని రాసుకుంది. ఊళ్లో నాతో సహా అందరికీ అసలు సంగతి తెలుసు. నన్నడిగినా నేను చెప్పేదాన్ని కాదు. చదువుకున్నాను కదా అని ఊరి మర్యాద తీసి గట్టున పెడతానా?

ఎవరూ చెప్పకుండా ఆ పిల్లే పట్టుకుంది. అందుకే నాకంత గర్వం. ఆ సాయంత్రమంతా ఫోన్లో పాత ఫొటోలు తిరగేస్తూ కూర్చుంది. నాటిన రోజున దారం కట్టి తీసిన ఫొటోల్లో అంకమ్మ చేలో నారు పొడుగ్గా, కాడ ముదిరి ఉంది. మా చేలోది లేతగా ఉంది. చాలాసేపు చూసి, తనలో తను అనుకున్నట్టుగా అంది.

"మా వీధిలో ఎవరికైనా నూలు తక్కువైతే పక్కింట్లో తెచ్చుకుంటారు అత్తయ్యా. చీర నేశాక నూలు ఎవరిదని అడిగితే నేసినవాళ్లదే అంటారు. ఇక్కడా అంతేనా?"

నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. దానికి కావలసిన జవాబు అందులోనే దొరికింది.

మర్నాడు అంకమ్మ దగ్గరికెళ్లి కూర్చుంది. అంకమ్మ పీటలు వేసింది, ఎత్తింది. చివరికి చెప్పింది. "మా నారుమడి రెండేళ్లూ చౌడెక్కి పోయిందమ్మా. ఎగువన మధుసూదనరావుగారి మడిలో మిగిలింది తెచ్చుకున్నాను. ముదురు నారు, పిలకలు రావని ఆళ్లు వదిలేసిందే. నా పేరూ, ఆయన పేరూ ఎక్కడా రాయకు."

ముదురు నారంటే రైతుకి చులకన. మంచి నేలలో వేస్తే నిజంగానే పిలకలు సరిగా రావు. కానీ ఉప్పు నేలలో సంగతి వేరు. లేత మొక్కకి ఉప్పు తగిలితే ఓర్చుకోలేదు. మంచినీటి మడిలో ముదిరిన మొక్క ఆ గండం దాటి వస్తుంది కాబట్టి నిలబడుతుంది. విత్తనం గొప్పా కాదు, మట్టి గొప్పా కాదు. మూడో సార్వాలో హిమబిందు ఒక చెక్క పొలం తీసుకుని, ఒకే విత్తనంతో లేత నారూ ముదురు నారూ పక్కపక్కన నాటించి ఈ సంగతి కళ్లకి కట్టినట్టు రుజువు చేసింది. తన పాత పేపరు తప్పని సదస్సువాళ్లకి తనే తెలియజేసింది. గైడుగారికి కోపం వచ్చింది గానీ, కొత్త ఫలితం చూశాక చల్లబడ్డారు.

ఇక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఆ పిల్ల ఆగలేదు. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగేసింది.

"మావయ్యా, మీ నారుమడి కూడా పోయింది కదా. మీరెందుకు మిగిలిన నారు తెచ్చుకోలేదు?"

ఆయన ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. కంచంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు.

కారణం నాకు తెలుసు. మధుసూదనరావుగారు మాకు దూరపు చుట్టం. ఆయన నారుమడి ఉన్న ఎగువ పొలం ఒకప్పుడు మా మావగారిది. పంపకాల్లో ముక్కలై, అమ్ముడై, మాకు శివారు చెక్క మిగిలింది. పొలం పోయినా ఆ ఇంటి దర్జా పోలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయనగారు అమ్మని కూడా అడిగే రకం కాదు. పక్కచేను అంకమ్మ వెళ్లి నారు తెచ్చుకుంటుంటే, ఈయన అదే రకం విత్తనం మళ్లీ కొని, నీళ్ల ఇంజను పెట్టించి, మళ్లీ నారు పోయించారు. ఆ లేత నారు తెచ్చి ఉప్పులో నాటించారు. రెండేళ్లూ అదే పని. నేను గొంతు చించుకుని పోట్లాడాను. ఒక్క మాట వినలేదు.

వారం తర్వాత ఆయనే హిమబిందుని వరండాలోకి పిలిచి అంతా చెప్పారు. నన్ను లోపలికి వెళ్లమన్నారు, నేను తలుపు చాటున నిలబడి విన్నాను. "నా పేరు బయటికి రాకూడదమ్మాయ్" అన్నారు. "రానివ్వను మావయ్యా" అంది. అలా ఆ పిల్ల పీహెచ్‌డీ పుస్తకంలో చివరి అధ్యాయం పుట్టింది. అంకమ్మ రైతు 'ఎ', మా ఆయన రైతు 'బి'.

ఆ అధ్యాయం తీసెయ్యమని గైడుగారు బతిమాలారు. మొక్కల శాస్త్రంలో మనుషుల పరువు గొడవ ఎందుకమ్మా, ఎగ్జామినరు పట్టుకుంటారు, ఏడాది వెనక్కిపోతుంది అన్నారు. ఏడాది పోతే గుడివాడ ఉద్యోగం కూడా పోయినట్టే. ఆ పిల్ల తియ్యలేదు.

పీహెచ్‌డీ చివర్లో అందరి ముందూ ఒక పరీక్ష ఉంటుంది. ఆసక్తి ఉన్నవారెవరైనా రావచ్చని నోటీసు వేస్తారు. మామూలుగా ఎవరూ రారట, యూనివర్సిటీ పిల్లలే నలుగురు కూర్చుంటారట. హిమబిందు ఆ నోటీసు నాకు వాట్సప్‌లో పంపితే నేను దాన్ని శుభలేఖ కిందే లెక్కేశాను. పట్టుచీర తీశాను. అంకమ్మని బయల్దేరదీశాను. మా ఆయన రానన్నారు. తీరా బస్సు దగ్గరికి వెళ్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడ నిలబడి ఉన్నారు.

"నాకు బందర్లో పనుంది" అన్నారు.

బస్సు మోపిదేవి దాటుతుంటే అంకమ్మ కిటికీలోంచి స్వామికి దణ్ణం పెట్టి, "పిల్ల గట్టెక్కాలి తండ్రీ" అంది. ఈయన కూడా పెట్టారు, నేను చూడలేదనుకుని.

హాల్లో ముందు వరసలో హిమబిందు తల్లిదండ్రులు ఉన్నారు. పాండురంగయ్యగారు తాను నేసిన పంచె కట్టుకొచ్చారు. మేము వెనక కూర్చున్నాం. ఎగ్జామినరుగా వేరే యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు, తెలుగాయనే. హిమబిందు తెర మీద బొమ్మలు చూపిస్తూ చెబుతుంటే నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. గొంతు మాత్రం ఎక్కడా వణకలేదు. ఆయన కూడా తల ఊపుతూ విన్నారు. తర్వాత కళ్లజోడు సవరించుకున్నారు.

"మొక్కల భాగం చాలా బాగుందమ్మా. ఈ చివరి అధ్యాయం నాకు ఇబ్బందిగా ఉంది. రైతు 'ఎ' అడిగి తెచ్చుకుంది, రైతు 'బి' పరువుకోసం అడగలేదు అంటున్నారు. దీనికి ఆధారమేమిటి? మీ మొదటి రికార్డులో ఇద్దరిదీ సొంత నారనే ఉంది."

"అది నా పొరపాటండీ."

"ఇది మాత్రం పొరపాటు కాదని మేమెలా నమ్మాలి? ఎవరీ రైతు 'బి'?"

హిమబిందు ఒక్క క్షణం కూడా మా వైపు చూడలేదు.

"పేరు చెప్పలేనండీ. చెప్పనని మాటిచ్చాను."

"అయితే ఆ అధ్యాయం తీసేసి మళ్లీ సమర్పించండి. తొందరేముంది?"

తొందరేముందో ఆయనకేం తెలుసు. వీరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తియ్యలేనండీ" అంది హిమబిందు. "ముదురు నారు వేసుకోండని శివారు రైతుకి చెప్పడం తేలికే. దాన్ని పెంచడానికి అతనికి మంచినీటి మడి లేదు. పైవాళ్లని అడగాలి. అడగడానికి అందరికీ నోరు రాదు. అడగలేనివాళ్ల చేలు చస్తున్నాయి. మొక్క ఎందుకు చచ్చిందో చెప్పడానికి నేను నిలబడ్డాను. ఆ కారణం వదిలేస్తే సగమే చెప్పినట్టవుతుందండీ."

గైడుగారు బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలైనట్టేనని నేను అనుకుంటుండగా నా పక్కన కుర్చీ కిర్రుమంది. మా ఆయన లేచి నిలబడ్డారు.

"అయ్యా, ఆ 'బి' నేనేనండీ."

అందరూ వెనక్కి తిరిగారు. హిమబిందు "మావయ్యా, వద్దు" అంది. ఈయన వినలేదు. ఎప్పుడు విన్నారు గనక.

"ఆ మాటకి ఆధారం నేనే. రెండేళ్లు నేను నారు అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్లు. ఆ మడి ఒకప్పుడు మాదే. మా నాన్న ఆ గట్టు మీద నిలబడి అడిగినవాళ్లందరికీ పంచిపెట్టేవారు. అదే గట్టు కింద నిలబడి చెయ్యి చాపడానికి నాకు మనసొప్పలేదు. నా పరువుతో వరిమొక్కకి ఏం పనండీ? దానికి కావలసింది నేను తెచ్చివ్వలేదు, అది చచ్చిపోయింది. ఈ అమ్మాయి రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

అంకమ్మ కూడా లేచి, "'ఎ' నేనేనండీ. ఆ నారు మాది కాదు, అడిగి తెచ్చుకుందే" అని గబగబా చెప్పి కూర్చుంది. ఊరి కట్టుబాటు బందర్లో, అంతమంది చదువుకున్నవాళ్ల ముందు, అలా తెగింది.

ఎగ్జామినరుగారు చేత్తో కుర్చీ చూపించారు. "కూర్చోండి, పెద్దవారు" అన్నారు. తర్వాత వాళ్లంతా లోపలికెళ్లి మాట్లాడుకుని వచ్చారు. అధ్యాయం ఉంచమన్నారు. హిమబిందుని డాక్టర్ హిమబిందు అని పిలిచారు. చప్పట్లు ముందు ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నా అరచేతులు మాత్రం మండిపోయాయి. పాండురంగయ్యగారు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయి పంచె కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు.

ఆ పిల్ల నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా వణకని గొంతు అప్పుడు వణికింది.

"నేను మాట తప్పలేదు మావయ్యా."

"తప్పలేదమ్మా. నీ ఉద్యోగం పోయినా నువ్వు తప్పవని నాకు తెలిసింది. అందుకే లేచాను." ఆయన మెల్లగా అన్నారు. "ఆ పుస్తకం అచ్చు వేసేటప్పుడు 'బి' తీసేసి నా పేరు రాయి."

"పేర్లు రాయకూడదండీ. మీ ఇంటి పరువు..."

"ఇంటిపేరుతో సహా రాయి" అన్నారు.

మా ఆయన కొత్త ట్రాక్టరు కొన్నరోజు చూశాను, సర్పంచి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నరోజు చూశాను. ఆయన్ని చూసి నిజంగా గర్వపడింది మాత్రం ఆ రోజే. పెడన నేతగాడి కూతురు పెట్టిన పరీక్షలో మా ఆయన నెగ్గారు. హిమబిందు ఆయన చెప్పినట్టే రాసింది. ఆ పుస్తకం యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. నారు అడగలేక చేను పోగొట్టుకున్న రైతు శోభనాద్రి అని, మా ఇంటిపేరుతో సహా ఉంటుంది.